ఆట మాన్పించిన సారు చెబుతున్న మాట

(మహబూబ్‌నగర్‌లో జరిగిన మన సొసైటీ వార్షిక స్కాలర్‌షిప్‌ల పంపిణీ సభలో ఒక రిటైర్డ్ లెక్కల లెక్చరర్ చేసిన ప్రసంగ పాఠం)





"చదువు, ఆటలు – ఈ రెండింటి మీద నాలుగు మాటలు చెప్పండి సార్" అని సెక్రటరీ సాహెబ్ ఫోన్ చేసినప్పుడు మొదట నేను వద్దన్నాను. ఆ విషయం మీద మాట్లాడే హక్కు నాకు తక్కువ. 31 ఏళ్లు ఈ రెండు జిల్లాల జూనియర్ కాలేజీల్లో లెక్కలు చెప్పాను. ఆ 31 ఏళ్లలో ఎవరైనా పిల్లవాడు సాయంత్రం గ్రౌండులో కనబడితే మరునాడు వాళ్ల నాన్నను పిలిపించే లెక్చరర్‌ని నేనే. "ఇంటర్ రెండేళ్లు ఆట బంద్ చేయించండి, తర్వాత ఎంత ఆడుకున్నా సరే" అనేవాణ్ణి. సంవత్సరానికి ఇద్దరు చొప్పున లెక్క వేసుకున్నా అరవై మందికి పైగా పిల్లలతో ఆట మాన్పించాను. నా మాట విని మానేసినవాళ్లలో ఎంతమంది తర్వాత మళ్లీ ఆడారో తెలుసా? నాకు తెలిసి ఒక్కరు కూడా లేరు.

అందుకే ఇవాళ నేను ఉపదేశం చెయ్యడానికి రాలేదు. నా లెక్క ఎక్కడ తప్పిందో మీ ముందు చెప్పడానికి వచ్చాను.

దేవరకొండలో పనిచేసేటప్పుడు ఒక పిల్లవాడు ఉండేవాడు. 800 మీటర్లు పరుగెత్తేవాడు. తండ్రి ఆటో నడిపేవాడు. ఫస్టియర్‌లో క్వార్టర్లీ పరీక్షల్లో లెక్కల్లో 75కు 41 వచ్చాయి. తండ్రిని పిలిపించాను. నా ముందే ఆయన కొడుకుతో "సారు చెప్పినట్టు విను, ఇగ గ్రౌండుకు పోకు" అన్నాడు. పిల్లవాడు తల వంచుకుని సరే అన్నాడు. హాఫ్ ఇయర్లీకి 43 వచ్చాయి. రెండు మార్కులు పెరిగాయి. అంతే.

చాలా ఏళ్ల తర్వాత హైదరాబాద్‌లో నేనెక్కిన కారు నడుపుతున్నది ఆ అబ్బాయే. నన్ను గుర్తుపట్టి పైసలు తీసుకోనన్నాడు. దారిలో మాటల్లో అడిగాను, "ఆ రోజు నా మీద కోపం వచ్చిందా?" అని. నవ్వి అన్నాడు: "కోపమేం లేదు సార్. కానీ ఆ రెండు గంటలు నేను చదవలేదు. గ్రౌండుకు పోయేటప్పుడైతే పోవాలన్న తొందరకు మీ హోంవర్క్ నాలుగింటికల్లా చేసుకునేటోణ్ణి. మానేసినంక రాత్రి చేద్దాంలే అని హోటల్ కాడ కూసునేటోణ్ణి."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అప్పటికే మా ఇంట్లో కూడా ఇదే పాఠం నాకు వేరే రకంగా మొదలైంది.

మా చిన్నబ్బాయి ఇంజినీరింగ్‌లో చేరి హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండేవాడు. మొదటి సంవత్సరం బక్రీద్‌కు ఇంటికొచ్చాడు. అన్నం తింటుంటే వాళ్ల అమ్మీ వాడి చేతులు చూసింది. రెండు అరచేతులూ బొబ్బలెక్కి, పగిలి, అక్కడక్కడ కాయలు కాసి ఉన్నాయి. "ఏంది బేటా ఇది?" అంటే "జిమ్‌కు పోతున్నా అమ్మీ" అన్నాడు. నేను నమ్మాను. తల్లి నమ్మలేదు. రాత్రి గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. తెల్లారి ఫజర్ నమాజ్ కాగానే హుస్సేన్ సాగర్‌కు వెళ్లి పడవ నడుపుతున్నాడట. నలుగురి పడవలో ఇతను ఒకడట. కాలేజీ తరఫున పోటీలకు తయారవుతున్నారట.

మనది నీళ్ల కోసం ఏడ్చిన ప్రాంతం. నల్లగొండలో తాగే నీళ్లలో ఫ్లోరైడ్, పాలమూరులో బొంబాయి బస్సు. దేశంలో డ్యాములు కట్టడానికి మన కూలీలు పోయారు గానీ మన చేనుకు నీళ్లు రాలేదు. మనకు తెలిసిన పడవ ఏదంటే కృష్ణలో పుట్టి. సోమశిల దగ్గర, బీచుపల్లి దగ్గర మనుషులను, మేకలను అవతలి ఒడ్డుకు దాటించే పుట్టి. అలాంటి ఊళ్ల నుంచి వెళ్లిన పిల్లవాడు పడవ పందెం ఆడుతున్నానంటే నాకు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. "ఫీజు కట్టింది ఇంజినీరింగ్ చదవడానికా, తెడ్డు వెయ్యడానికా?" అన్నాను.

ఈ ఆట చూడనివాళ్ల కోసం రెండు మాటలు చెబుతాను. దీన్ని రోయింగ్ అంటారు. సన్నగా, పొడుగ్గా ఉండే పడవలో ఒకరు, ఇద్దరు, నలుగురు లేదా ఎనిమిది మంది కూర్చుంటారు. ఒలింపిక్స్‌లో పందెం దూరం 2000 మీటర్లు. గట్టిగా ఏడెనిమిది నిమిషాల పని. కూర్చునే పీట చక్రాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. చూసేవాళ్లకు చేతుల పని అనిపిస్తుంది కానీ బలమంతా కాళ్లది, నడుముది. తెడ్డు వేసేవాళ్లు పడవ పోయే వైపు చూడరు, వచ్చిన వైపు చూస్తూ కూర్చుంటారు. అందరి తెడ్లూ ఒకేసారి నీళ్లలో పడాలి, ఒకేసారి లేవాలి. ఒక్కరు తప్పినా పడవ ఒక పక్కకు ఒరుగుతుంది.

ఇందులో ఇంకో చిక్కుంది. క్రికెట్ ప్రాక్టీసుకు ఒకడు రాకపోతే మిగతా పదిమంది ఆడుకుంటారు. నలుగురి పడవకు ఒకడు రాకపోతే మిగతా ముగ్గురూ ఒడ్డున కూర్చోవాల్సిందే. కాబట్టి "ఇవాళ అసైన్‌మెంట్ ఉంది, నేను రాను" అనడానికి వీల్లేదు. చదువుతో కలిపి నడపడానికి అన్నిటికన్నా కష్టమైన ఆటల్లో ఇదొకటి. దీన్ని నడపగలిగితే కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బాక్సింగ్ ఏదైనా నడపొచ్చు. అందుకే దీన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ఆ రాత్రి నేను మానేయమన్నాను. వాడు ఎదురు మాట్లాడలేదు. ఒక తెల్ల కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టి "అబ్బా, మీరు లెక్కల సారు కదా. నాకు టైం ఎక్కడ తక్కువ పడుతుందో లెక్క వేసి చూపించండి. తక్కువ పడితే మానేస్తా" అన్నాడు.

సరేనని వేశాను. పిల్లలూ, మీరూ ఇంటికి పోయి వెయ్యండి. వారానికి 168 గంటలు. రోజుకు ఏడు గంటల నిద్ర, వారానికి 49. క్లాసులు, ల్యాబులు రోజుకు ఏడు గంటలు, ఆరు రోజులకు 42. కాలేజీ బస్సు రానుపోను రెండు గంటలు, ఆరు రోజులకు 12. పొద్దుటి రోయింగ్, వెళ్లి రావడంతో కలిపి రెండున్నర గంటలు, ఆరు రోజులకు 15. నమాజ్, స్నానం, భోజనం, బట్టలు ఉతుక్కోవడం రోజుకు మూడు గంటలు, వారానికి 21. అన్నీ కూడితే 139. 168లో 139 తీసేస్తే 29 గంటలు మిగిలాయి. అంటే రోజుకు నాలుగు గంటలకు పైనే.

నేను మళ్లీ కూడాను. అంతే వచ్చింది.

వాడు అన్నాడు: "నా రూమ్మేట్‌కు రోయింగ్ లేదు. వాడికి 44 గంటలు మిగలాలి. మరి మొదటి సెమిస్టర్‌లో వాడికి రెండు సబ్జెక్టులు ఎందుకు పోయాయి?" నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు దేవరకొండ పిల్లవాడు తర్వాత కారులో చెప్పాడు. ఆట తీసేస్తే మిగిలే గంటలు వాటంతట అవి పుస్తకం దగ్గరికి పోవు. ఇప్పుడైతే అవి ఫోన్‌లోకి పోతాయి.

సరే, ఒక్క సంవత్సరం చూద్దామన్నాను. ఇక్కడితో కథ సుఖంగా ముగిసిందని చెబితే అది అబద్ధమవుతుంది. మూడో సెమిస్టర్‌లో మా వాడు ఒక సబ్జెక్టు ఫెయిలయ్యాడు. ఏ సబ్జెక్టో తెలుసా? మ్యాథమెటిక్స్. లెక్కల సారు కొడుకు! మిడ్ పరీక్ష ఉన్న వారంలోనే పోటీలకు వేరే రాష్ట్రం వెళ్లాడు. తిరిగొచ్చాక మళ్లీ పరీక్ష పెట్టమని అడిగితే కుదరదన్నారు. హాజరు 71 శాతానికి పడిపోయింది. రెండు నెలలు నేను వాడితో సరిగ్గా మాట్లాడలేదు.

కానీ ఆ దెబ్బతోనే వాడు నేర్చుకున్నాడు. ఆ తర్వాత రెండున్నరేళ్లు ఏం చేశాడో వాడిని అడిగి రాసుకొచ్చాను. పిల్లలు శ్రద్ధగా వినండి.

మొదటిది, సెమిస్టర్ మొదలైన వారంలోనే కాలేజీ పరీక్షల తేదీలు, పోటీల తేదీలు రెండూ ఒకే కాగితం మీద రాసి గోడకు అంటించాడు. రెండూ ఒకదాని మీద ఒకటి పడే వారాలు సెమిస్టర్‌కు మూడో నాలుగో ఉంటాయి. మిగతా వారాలు ఎలాగోలా గడుస్తాయి. నష్టం చేసేవి ఆ మూడు నాలుగు వారాలే. వాటికి నెల ముందు నుంచే చదువు మొదలుపెట్టాలి.

రెండోది, పోటీకి వెళ్లొచ్చాక బతిమాలడం మానేశాడు. వెళ్లకముందే దరఖాస్తు రాసి, ఫిజికల్ డైరెక్టర్ సంతకం చేయించి, ప్రతి లెక్చరర్‌కు ఒక కాపీ ఇచ్చి, తన కాపీ మీద తీసుకున్నట్టు సంతకం పెట్టించుకున్నాడు. లెక్చరర్‌గా చెబుతున్నాను, ముందు వచ్చి అడిగిన పిల్లవాడిని చూస్తే మాకు జాలి, గౌరవం రెండూ కలుగుతాయి. తర్వాత వచ్చి అడిగేవాడిని చూస్తే సాకు చెబుతున్నాడనిపిస్తుంది.

మూడోది, నిద్ర. అయిదు గంటలకు లేవాల్సినవాడు పదింటికి పడుకోవాలి. హాస్టల్ గదిలో ఒంటిగంట దాకా లైటు వెలుగుతుంటే ఎలా పడుకుంటాడు? మొదటి ఏడాది వాడికి వచ్చిన అసలు కష్టం ఇదే. పొద్దున క్లాసులో కునుకు తీసేవాడు. రెండో ఏడాది తన లాగే పొద్దున లేచే ఇంకో అబ్బాయితో గది మార్చుకున్నాడు. అతను ఆటగాడేమీ కాదు, పొద్దున చదివే అలవాటున్న కుర్రాడు. చదివేవాడికీ ఆడేవాడికీ కావాల్సింది అదే చీకటి, అదే నిశ్శబ్దం.

నాలుగోది, ఏది వదులుకోవాలో ముందే తేల్చుకున్నాడు. చివరి సంవత్సరంలో ఒక పెద్ద పోటీ సరిగ్గా ప్రాజెక్టు వైవా సమయంలో పడింది. మూడు నెలల ముందే కోచ్‌కు చెప్పాడు, "సార్, దీనికి నేను రాలేను, నా స్థానంలో ఇంకొకరిని తయారుచేయండి" అని. ఏడ్చుకుంటూనే చెప్పాడు. కానీ చివరి రోజు చెప్పి ముగ్గురిని ఒడ్డున కూర్చోబెట్టలేదు. చదువునూ ఆటనూ కలిపి నడపడమంటే రెండూ ఎప్పుడూ సమానంగా ఉండటం కాదని నాకు అప్పుడు అర్థమైంది. ఒక నెల ఇది తగ్గుతుంది, ఒక నెల అది తగ్గుతుంది. తగ్గేది ఏదో ముందే తెలిసి ఉండాలి, మిగతావాళ్లకు చెప్పి ఉండాలి.

రంజాన్ నెల సంగతి చాలామంది తల్లులు అడుగుతారు. మా వాడు ఉపవాసాలు విడవలేదు. కోచ్ సార్ మన మతం ఆయన కాదు. ఆయనే పిలిచి, "ఈ నెల నువ్వు తెడ్డు వెయ్యొద్దు, మోటార్ బోట్‌లో నా పక్కన కూర్చుని స్టాప్‌వాచ్ పట్టుకో" అన్నారట. ఇఫ్తార్ అయ్యాక వారానికి మూడు రోజులు తేలికపాటి వ్యాయామం. ఈద్ తర్వాత మళ్లీ మామూలే. ముందే చెప్పుకుంటే దారి దొరుకుతుంది.

ఇంతకూ పతకాలు తెచ్చాడా అని మీరడుగుతారు. తేలేదు. వాళ్ల పడవ ఎప్పుడూ మొదటి మూడు స్థానాల్లో రాలేదు. బ్యాక్‌లాగ్ తర్వాతి సెమిస్టర్‌లో రాసి పాసయ్యాడు. ఫస్ట్ క్లాస్‌తో డిగ్రీ పూర్తి చేశాడు. డిస్టింక్షన్ రాలేదు. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు, పొద్దున అయిదింటికే లేస్తున్నాడు. ఇంతే. గొప్ప విజయగాథ చెప్పడానికి రాలేదని మొదటే అన్నాను కదా. మామూలు పిల్లవాడు మామూలుగా రెండూ చెయ్యగలడని చెప్పడానికే ఇదంతా.

ఇలా చేసినవాళ్లు లోకంలో ఎక్కడెక్కడ ఉన్నారో తర్వాత నేను చదివి తెలుసుకున్నాను. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాల మధ్య పడవ పందెం 1829లో మొదలైంది. ఇప్పుడు థేమ్స్ నది మీద దాదాపు 6.8 కిలోమీటర్లు జరుగుతుంది. తెడ్డు వేసేవాళ్లంతా ఆ విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్నవాళ్లే. పడవ దిగి పరీక్ష రాయాల్సిందే.

అంత దూరం ఎందుకు? 1948లో స్వతంత్ర భారతదేశం తరఫున లండన్ ఒలింపిక్స్‌కు వెళ్లిన ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్ తాలిమెరెన్ ఆవో. నాగా కొండల నుంచి వచ్చి కలకత్తాలో వైద్య విద్య చదువుతూ మోహన్ బగాన్‌కు ఆడారు. ఆట పేరు చెప్పి చదువు వదల్లేదు. డాక్టరై నాగాలాండ్‌కు తిరిగి వెళ్లి అక్కడే సేవ చేశారు.

మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్‌ను తీసుకోండి. ఉస్మానియాలో చదివి బడిపంతులుగా పనిచేసిన మనిషి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టును నాలుగో స్థానం దాకా తీసుకెళ్లిన కోచ్ ఆయనే. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చినప్పుడు ఆయన క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963లో చనిపోయారు. అందరూ ఆయనను రహీం సాబ్ అనేవారు. పంతులుగారే కోచ్, కోచే పంతులుగారు. ఆట ఒక ఊరు, చదువు ఒక ఊరు అని ఆయనకు తెలియదు.

అమ్మాయిల తల్లిదండ్రులకు నిఖత్ జరీన్ పేరు నేను చెప్పక్కర్లేదు. నిజామాబాద్ అమ్మాయి. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్ అయింది. ఆమె కూడా హైదరాబాద్‌లో డిగ్రీలో చేరి చదువుకున్న అమ్మాయే. వెనక తండ్రి నిలబడ్డాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక రోయింగ్‌లో మన దేశానికి పేరు తెచ్చినవాళ్లు ఎక్కడివాళ్లో చూసి నేను ఆశ్చర్యపోయాను. 2010 గ్వాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం గెలిచిన బజరంగ్ లాల్ తాఖర్‌ది రాజస్థాన్. 2016 రియో ఒలింపిక్స్‌లో 13వ స్థానంలో నిలిచిన దత్తు భోకనల్‌ది మహారాష్ట్రలో కరువు ఊరు. తండ్రితో కలిసి బావులు తవ్వాడు, చదువుకుంటూ పెట్రోల్ బంకులో పనిచేశాడు. సైన్యంలో చేరాకే తెడ్డు పట్టాడు. 2018 ఏషియన్ గేమ్స్‌లో నలుగురి జట్టులో బంగారు పతకం తెచ్చాడు. బావులు తవ్విన కుటుంబాలు ఈ హాల్లో ఎన్ని ఉన్నాయో చేతులెత్తమంటే సగం చేతులు లేస్తాయి. మనకిప్పుడు నాగార్జున సాగర్ ఉంది, జూరాల ఉంది, కోయిల్ సాగర్ ఉంది. నీళ్లున్నాయి. పడవలు, నేర్పేవాళ్లు ఎప్పుడొస్తారో చూద్దాం.

నీళ్ల ఆట కాబట్టి తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 2022 మే నెలలో కోల్‌కతా రవీంద్ర సరోవర్‌లో ప్రాక్టీసు చేస్తుండగా గాలివాన వచ్చి పడవ మునిగి ఇద్దరు విద్యార్థులు చనిపోయారు. పిల్లలను పంపే ముందు మూడు అడగండి. ఈత వచ్చాకే పడవ ఎక్కిస్తున్నారా? వెంట రక్షణ బోటు ఉంటుందా? వాతావరణం బాగా లేనప్పుడు ఆపుతారా? మూడింటికీ సరైన జవాబు రాకపోతే పంపొద్దు. ఏ ఆటకైనా అంతే. అడగడం తల్లిదండ్రుల హక్కు. అడగకుండానే వద్దనడం మాత్రం నేను చేసిన తప్పు.

చివరగా అసలు విషయానికి వస్తున్నాను. ఇది మన సొసైటీ పెద్దలకు చెప్పుకునే మాట. అందరి ముందూ చెబుతున్నందుకు క్షమించాలి.

మన స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు రెండు షరతులున్నాయి. హాజరు 75 శాతం ఉండాలి. బ్యాక్‌లాగ్ ఒక్కటి కూడా ఉండకూడదు. పోయినేడాది నల్లగొండలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి దరఖాస్తును ఈ షరతు కిందే తీసేశాం. ఆ అమ్మాయి ఖోఖోలో యూనివర్సిటీ జట్టుకు ఆడింది. క్యాంపుకు, పోటీలకు కలిపి మూడు వారాలకు పైగా పోయింది. హాజరు తగ్గింది, ఒక పేపర్ పోయింది. తండ్రికి పంక్చర్ షాపు. జాబితా అంటించిన రోజు ఆయన వచ్చాడు. కూతురు ఆడిన సర్టిఫికెట్ జిరాక్స్ తెచ్చాడు. నిబంధన చూపించాం. ఆయన వాదించలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సలాం చెప్పి వెళ్లిపోయాడు.

తీసేసిన దరఖాస్తుల జాబితా కింద కమిటీ సభ్యుల సంతకాలున్నాయి. అందులో రెండో సంతకం నాది.

ఆ రోజు ఇంటికి పోయి కూర్చుంటే మా వాడి మూడో సెమిస్టర్ గుర్తొచ్చింది. హాజరు 71. బ్యాక్‌లాగ్ ఒకటి. నా కొడుకు మన సొసైటీకి దరఖాస్తు పెట్టి ఉంటే నా చేతులతో నేనే కొట్టేసేవాణ్ణి. కానీ వాడికి నా జీతం ఉంది. ఫీజు కట్టాను, వాడు మళ్లీ రాసుకుని పాసయ్యాడు. తప్పు చేసి దిద్దుకోవడానికి వాడికి ఆరు నెలల గడువు దొరికింది. ఆ అమ్మాయికి ఆ గడువు ఇవ్వాల్సింది మనం. ఇవ్వలేదు. ఆ అమ్మాయి చదువు ఆపలేదు, అల్హమ్దులిల్లాహ్. ఆడటం మాత్రం మానేసిందని తెలిసింది. 31 ఏళ్లలో నేను ఆట మాన్పించిన అరవై మంది తర్వాత, రిటైరయ్యాక కూడా నా సంతకంతో ఇంకొకరు మానేశారు.

పిల్లవాడొక్కడే ఎంత లెక్క వేసుకున్నా, ఎంత పొద్దున లేచినా చాలదు. ఇల్లు ఒప్పుకోవాలి, లెక్చరర్ ఒక సంతకం పెట్టాలి, కోచ్ రంజాన్‌లో స్టాప్‌వాచ్ ఇవ్వాలి, రూమ్మేట్ లైటు ఆర్పాలి, ఫీజు కట్టేవాళ్లు ఒక సెమిస్టర్ ఓపిక పట్టాలి. వీళ్లలో ఒక్కరు తెడ్డు ఎత్తేసినా పడవ ఒరుగుతుంది.

అందుకని మూడు విన్నపాలు. ఒకటి, కాలేజీ నుంచి ఉత్తరం తెచ్చిన పిల్లలకు పోటీలకు పోయిన రోజులను హాజరు కిందే లెక్కించాలి. రెండు, ఒక బ్యాక్‌లాగ్ ఉన్నా ఒక సెమిస్టర్ గడువు ఇచ్చి, అప్పటిదాకా స్కాలర్‌షిప్ ఆపకూడదు. ఇది ఆడే పిల్లలకే కాదు, ఇంట్లో జబ్బు మనిషి ఉన్న పిల్లలకు, షాపులో పనిచేసి చదువుకునే పిల్లలకు కూడా వర్తించాలి. మూడు, బూట్లకు, బస్సు చార్జీలకు చిన్న మొత్తం పక్కన పెట్టాలి. దీనికి మొదటి విరాళం నా పెన్షన్ నుంచి నేనిస్తాను. ఆ నల్లగొండ అమ్మాయి దరఖాస్తు మళ్లీ తెరిచి చూడమని అధ్యక్షుల వారిని ఈ వేదిక మీదే కోరుతున్నాను. ఈసారి కూడా సంతకం పెట్టడానికి నేను సిద్ధం.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఇంటికి పోయి మీ పిల్లవాడు ఆట మానేశాడో లేదో అడగండి. మానేస్తే ఎందుకు మానేశాడో అడగండి. నా లాంటి సారు ఎవరైనా మాన్పించి ఉంటే, ఆ సారు దగ్గరికి ఒక తెల్ల కాగితం, ఒక పెన్ను తీసుకెళ్లి, 168 గంటల లెక్క వేసి చూపించమనండి.

పిల్లలూ, మీకు పతకాలు రాకపోవచ్చు, ర్యాంకులు రాకపోవచ్చు. మీ మీద ఆధారపడి ఒడ్డున ముగ్గురు ఎదురుచూస్తున్నారని తెలిసి చీకట్లో లేచే అలవాటు వస్తే అదే జీవితమంతా పనికొస్తుంది. అల్లాహ్ మీ అందరి కష్టానికి బర్కత్ ఇవ్వాలని దువా చేస్తున్నాను.